నిస్సాన్ 350జెడ్‌లో పదే పదే పోయే క్యామ్, క్రాంక్ సెన్సర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లలో పాత 350జెడ్ స్పోర్ట్స్ కారు ముచ్చటపడి కొనుక్కున్నవారు కొందరున్నారు. కలిసినప్పుడల్లా వాళ్లలో ఎవరో ఒకరు అడిగే మాట ఇదే: "సెన్సర్ మార్చి నెల కూడా కాలేదు, అదే ఎర్రర్ కోడ్ మళ్లీ వచ్చింది, ఇప్పుడేం చేయాలి?" ఆ ప్రశ్నకూ, దాని వెంట వచ్చే ఇతర ప్రశ్నలకూ నా సొంత బండి మీద నేర్చుకున్నదీ, సర్వీస్ మాన్యువల్ చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇవి ముఖ్యంగా 2003 నుంచి 2006 వరకు వచ్చిన మోడళ్లలోని 3.5 లీటర్ల వీక్యూ35డీఈ ఇంజన్‌ను ఉద్దేశించినవి. 2007లో వచ్చిన హెచ్‌ఆర్ ఇంజన్‌కు పరీక్షించే పద్ధతి ఇదే అయినా, భాగాలూ కొలతలూ వేరు.

ఈ ఇంజన్‌లో ఏ సెన్సర్ల గురించి మాట్లాడుతున్నాం? అవి చేసే పని ఏమిటి?

మూడింటి గురించి. రెండు క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్లు, ఒక క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్. క్రాంక్‌షాఫ్ట్ అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, క్యామ్‌షాఫ్ట్ అంటే వాల్వులను తెరిచే ఇరుసు. క్రాంక్ సెన్సర్ ఆయిల్ పాన్ వెనుక భాగంలో ఉండి, క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే సిగ్నల్ ప్లేటు పళ్లను గమనిస్తుంది. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతున్నదీ, పిస్టన్లు ఏ స్థానంలో ఉన్నదీ ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీఎంకు తెలిసేది దానివల్లనే. అయితే నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక పూర్తి చక్రానికి క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి, పైకి వచ్చిన పిస్టన్ గాలిని నొక్కుతూ వచ్చిందా, పొగను బయటికి నెడుతూ వచ్చిందా అన్నది క్రాంక్ సెన్సర్ ఒక్కటే తేల్చలేదు. ఆ సందేహం తీర్చేవి క్యామ్ సెన్సర్లు. ఇవి రెండు సిలిండర్ హెడ్‌ల వెనుక భాగంలో, డాష్‌బోర్డు వైపు గోడకు దగ్గరగా, గాలి సరిగా ఆడని చోట ఉంటాయి.

మూడూ హాల్ ఐసీ రకం, అంటే అయస్కాంత క్షేత్రంలో మార్పును పసిగట్టే సెన్సర్లే. లోపల ఒక శాశ్వత అయస్కాంతం, ఒక చిన్న చిప్పు, బయటికి మూడు వైర్లు: ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ఈ మూడు వైర్ల సంగతి గుర్తుపెట్టుకోండి, దాదాపు ప్రతి జవాబులోనూ వాటి దగ్గరికే తిరిగి వస్తాం.

పీ0340 కోడ్ వచ్చిందంటే క్యామ్ సెన్సర్ పోయినట్టేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. పీ0340 మొదటి బ్యాంకు క్యామ్ సెన్సర్‌కు, అంటే ఒకటి, మూడు, ఐదు సిలిండర్లున్న పక్కకు చెందినది. పీ0345 రెండో బ్యాంకుకు, పీ0335 క్రాంక్ సెన్సర్‌కు చెందినవి. కానీ ఆ కోడ్‌ల అర్థం "ఈ భాగం చెడిపోయింది" అని కాదు, "ఈ భాగం నుంచి నాకు రావలసిన సిగ్నల్ రావలసిన తీరులో రాలేదు" అని. సెల్ఫ్ కొట్టిన మొదటి కొన్ని సెకన్లలో సిగ్నల్ అందకపోయినా, ఇంజన్ నడుస్తుండగా ఆగినా, అందిన సిగ్నల్ సరైన వరుసలో లేకపోయినా ఈసీఎం అదే కోడ్ వేస్తుంది.

నిస్సాన్ సర్వీస్ మాన్యువల్‌లో ఈ క్యామ్ కోడ్‌లకు కారణాలుగా రాసిన జాబితా చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. సెన్సర్‌తో పాటు వైరింగూ కనెక్టర్లూ, క్యామ్‌షాఫ్ట్, స్టార్టర్ మోటారు, స్టార్టర్ సర్క్యూట్, నీరసించిన బ్యాటరీ, ఇవన్నీ అందులో ఉన్నాయి. బ్యాటరీ బలహీనంగా ఉండి సెల్ఫ్ ఈడుస్తూ తిరిగితే, చక్కగా పనిచేస్తున్న సెన్సర్ మీద కూడా కోడ్ పడవచ్చు. సెన్సర్ పెట్టె విప్పకముందు చూడవలసింది బ్యాటరీని.

సిగ్నల్ తప్పుతున్నప్పుడు బండి ఎలా ప్రవర్తిస్తుంది?

క్యామ్ సెన్సర్ అయితే స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టవలసి వస్తుంది, యాక్సిలరేటర్ నొక్కితే బండి మందగిస్తుంది, ఒక్కోసారి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. క్రాంక్ సెన్సర్ అయితే నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోవడం, వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోవడం ఎక్కువ. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఆర్‌పీఎం ముల్లు మీద కన్నేసి ఉంచండి. ఇంజన్ తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గర నుంచి కదలకపోతే క్రాంక్ సిగ్నల్ వైపు ముందు చూడాలి.

హైవే మీద ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ కొద్దిసార్లకే సరిపోతుంది. అందుకని క్రాంక్ కోడ్ ఒక్కసారి కనిపించినా, కారణం తేలేదాకా ఆ బండిని ఫ్రీవే ఎక్కించవద్దని నా గట్టి సలహా.

చెక్ ఇంజన్ లైటుతో పాటు వీడీసీ ఆఫ్, స్లిప్ లైట్లు కూడా వెలిగాయి. బ్రేకుల్లో కూడా లోపం ఉందా?

ఎక్కువసార్లు ఉండదు. టైర్లు జారకుండా కాపాడే వీడీసీ వ్యవస్థ ఇంజన్ శక్తిని తగ్గించమని ఈసీఎంను అడుగుతూ ఉంటుంది. ఇంజన్ వైపు నమ్మదగిన లెక్క లేనప్పుడు అది తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ముందు ఇంజన్ కోడ్ సంగతి తేల్చండి. అది తీరిన తరువాత కూడా ఆ లైట్లు ఆరకపోతే అప్పుడు చక్రాల సెన్సర్ల వైపు వెళ్లండి.

సెన్సర్ కొనే ముందు వరుసగా ఏమేం చూడాలి?

మొదట కోడ్‌ను చెరిపేయకుండా, దానితో పాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్‌ను కాగితం మీద రాసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత, వేగం ఎంత అన్నది అందులో ఉంటుంది. తక్కువ ధరలో దొరికే, బండి కోడ్‌లు చదివే ఓబీడీ రీడర్ కూడా దాన్ని చూపిస్తుంది. చల్లటి ఇంజన్ మీద, సెల్ఫ్ కొడుతుండగా పడిన కోడ్ ఒక కథ చెబితే, పూర్తిగా కాగిన ఇంజన్ మీద 2,500 ఆర్‌పీఎం దగ్గర పడిన కోడ్ ఇంకో కథ చెబుతుంది. ఇంకా లైటు వెలిగించని పెండింగ్ కోడ్‌లు ఉంటే అవీ రాసుకోండి.

తరువాత బ్యాటరీ. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో సుమారు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య కనిపించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీని కానీ, దాని టెర్మినళ్లను కానీ, ఎర్త్ కేబుల్‌ను కానీ సరిచేయకుండా ముందుకు వెళ్లడం వృథా. అమెరికా మోడళ్లలో బ్యాటరీ ప్రయాణికుడి వైపు మూల, ప్లాస్టిక్ మూత కింద దాగి ఉంటుంది కాబట్టి, దాని టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి చాలా ఏళ్లు ఎవరి కంటా పడదు.

ఆ తరువాత మూడు వైర్లు. కనెక్టర్ విప్పి, తాళం ఆన్ చేసి, కరెంటు పిన్ను దగ్గర వోల్టేజి చూడండి. మీ మోడల్ సంవత్సరపు మాన్యువల్‌లో రాసిన వోల్టేజే రావాలి. మల్టీమీటర్ చూపించే అంకె ఒక్కటే చాలదు, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటే తీసుకోదు, నాలుగైదు పోగులు మాత్రమే మిగిలిన తెగుడు వైరు కూడా దానికి పూర్తి వోల్టేజి చూపిస్తుంది. ఆ పిన్ను దగ్గర బ్యాటరీ వోల్టేజి రావలసిన బండి అయితే చిన్న బల్బున్న టెస్ట్ ల్యాంపు పెట్టి, అది నిండుగా వెలుగుతున్నదో లేదో చూడండి. సిగ్నల్ వైరుకు మాత్రం టెస్ట్ ల్యాంపు ఎప్పుడూ పెట్టకూడదు, ఈసీఎం దెబ్బతింటుంది.

ఎర్త్ వైరుకు వోల్టేజ్ డ్రాప్ చూడాలి. కనెక్టర్ తగిలించి, ఇంజన్ నడుస్తుండగా, వెనుక నుంచి సన్నని సూదితో ఎర్త్ వైరును తాకి, మీటరు రెండో కొనను బ్యాటరీ నెగటివ్‌కు పెడితే 0.1 వోల్టు మించకూడదు. మించితే ఆ దారిలో ఎక్కడో తుప్పో, లూజు కాంటాక్టో ఉన్నట్టు.

రెండు మూడు సెన్సర్ల కోడ్‌లు ఒకేసారి పడితే అవన్నీ కలిసి ఒకే రోజున చచ్చిపోయాయని అనుకోవడానికి ముందు, వాటికి ఉమ్మడిగా ఉన్న కరెంటు దారి, ఎర్త్ దారి, ఫ్యూజు, రిలే చూడటం న్యాయం.

సెన్సర్ పిన్నుల మధ్య ఓమ్‌లు కొలిచాను, సరిగానే ఉన్నాయి. సెన్సర్ బాగున్నట్టేనా?

చెప్పలేం. సర్వీస్ మాన్యువల్‌లో ఈ సెన్సర్లకు ఇచ్చిన కొలత 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర "సున్నా కాకూడదు, అనంతం కాకూడదు" అని మాత్రమే. లోపలి చిప్పు పూర్తిగా షార్ట్ అయితేనో, పూర్తిగా తెగితేనో ఈ పరీక్ష పట్టుకుంటుంది. 90 డిగ్రీలకు చేరిన తరువాత మాత్రమే తడబడే చిప్పు, బల్ల మీద చల్లగా ఉన్నప్పుడు పరీక్షలో నెగ్గుతుంది. నమ్మదగిన సాక్ష్యం ఆసిలోస్కోపులో, అంటే సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపించే పరికరంలో, కనిపించే అలే. నిటారైన గోడలున్న చదరపు అలలు, ఒకటి కూడా తప్పిపోకుండా, ఇంజన్ వేడెక్కే కొద్దీ అలాగే రావాలి. చిన్న రెండు చానళ్ల స్కోపులు ఇప్పుడు అందుబాటు ధరలోనే దొరుకుతున్నాయి. ఒక చానల్‌కు క్రాంక్, ఇంకొకదానికి క్యామ్ తగిలించి చూస్తే, ఏది ముందు తప్పిందో కంటికి కనిపిస్తుంది.

స్కోపు లేనివారికి ఇంకో దారి ఉంది. రెండు క్యామ్ సెన్సర్ల మీదా పార్ట్ నంబరు ఒకటే అయితే, వాటిని అటూ ఇటూ మార్చండి. పీ0345 కాస్తా పీ0340 అయితే లోపం సెన్సర్ వెంట వెళ్లినట్టు. కోడ్ అదే పక్కన ఉండిపోతే వైరింగులోనో, క్యామ్‌షాఫ్ట్ వైపో వెతకాలి. ఇందుకు కావలసింది 10 ఎంఎం సాకెట్టు, పొడవాటి ఎక్స్‌టెన్షను, ఓపిక.

కొత్త సెన్సర్ వేసిన కొన్ని వారాలు బండి బాగానే నడిచింది. అంటే లోపం సెన్సర్‌లో ఉన్నట్టు కాదా?

ఈ ప్రశ్న దగ్గరే నేను ఏడాది పోగొట్టుకున్నాను. నా బండిలో రెండో బ్యాంకు కోడ్ వచ్చింది. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికిన సెన్సర్ వేస్తే మూడు వారాలు నడిచింది. చౌక సరుకు కదా అనుకుని అసలు నిస్సాన్ భాగం తెచ్చి వేస్తే రెండు నెలలు నడిచింది. మూడోది కూడా తెచ్చి వేశాను. ఆగస్టు ఎండలో ఆఫీసు నుంచి వస్తుంటే మళ్లీ అదే కోడ్.

ఆ శనివారం బండిని ఐడ్లింగ్‌లో ఉంచి, చేతికి వేడి తగలకుండా పొడవాటి చెక్క పుల్ల తీసుకుని, సెన్సర్ వైపు వెళ్లే వైర్ల కట్టను అంగుళం అంగుళం చొప్పున నెడుతూ వచ్చాను. కనెక్టర్‌కు రెండు అంగుళాల దూరంలో నెట్టగానే ఇంజన్ తడబడింది, వీడీసీ లైటు వెలిగింది. పుల్ల వదిలితే సర్దుకుంది. మళ్లీ నెడితే మళ్లీ అంతే. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, కనెక్టర్ విప్పి, సెన్సర్ పిన్నంత మందం ఉన్న విడి పిన్నును మూడు రంధ్రాల్లో ఒక్కొక్కదానిలో దూర్చి లాగి చూశాను. రెండింటిలో పిన్ను బిగువుగా పట్టుకుంది. మధ్యదానిలో దాని బరువుకే జారి కింద పడింది. ఆడ టెర్మినల్ నోరు తెరుచుకుపోయి ఉంది, అంతే.

సెన్సర్ మార్చిన ప్రతిసారీ ఎందుకు బాగుపడినట్టు కనిపించిందో అప్పుడు అర్థమైంది. కనెక్టర్ విప్పి తగిలించినప్పుడు పిన్నుల మీది మసక పొర రాసుకుని పోతుంది, టెర్మినల్ కొత్త చోట ఆనుకుంటుంది, కొన్నాళ్లు కాంటాక్టు దొరుకుతుంది. ఇంజన్ అదురుకూ వేడికీ మళ్లీ వదులవుతుంది. బాగుచేసింది కొత్త సెన్సర్ కాదు, విప్పి తగిలించడం. కొత్త టెర్మినల్ కొరికించి వేసిన తరువాత, మొదట తీసి పారేయబోయిన ఆ పాత సెన్సర్‌నే తిరిగి పెట్టాను. అది ఇప్పటికీ పనిచేస్తున్నది.

అయితే ఈ కారులో సెన్సర్లు నిజంగా పోవా?

పోతాయి, బాగానే పోతాయి. 350జెడ్ యజమానుల్లో ఈ మూడు సెన్సర్లలో ఏదో ఒకటి మార్చనివారు తక్కువ. హెడ్‌ల వెనుక, గోడకు ఆనుకుని ఉన్న సెన్సర్లకు ఇంజన్ ఆపిన తరువాతే అసలు కష్టం మొదలవుతుంది. నీరు తిరగదు, ఫ్యాను గాలి ఉండదు, ఇంజన్‌లో దాచుకున్న వేడంతా బానెట్ కింద పేరుకుంటుంది. గ్యాస్ స్టేషన్‌లో ఆపి, పెట్రోలు పోయించుకుని, పావుగంట తరువాత సెల్ఫ్ కొడితే స్టార్ట్ కాకపోవడం, గంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ కావడం ఈ లోపానికి స్పష్టమైన గుర్తు. వేడికీ చల్లదనానికీ ఏళ్ల తరబడి వ్యాకోచిస్తూ సంకోచిస్తూ, సెన్సర్ లోపలి అతుకులో కంటికి కనిపించని చీలిక పడుతుంది.

వైరింగ్ పరీక్షలన్నీ నెగ్గి, అప్పుడు సెన్సర్ మారిస్తే ఆ ఖర్చు సార్థకమవుతుంది. నేను వద్దంటున్నది వరుస తప్పడాన్ని మాత్రమే.

చౌక సెన్సర్ వేయవచ్చా? మూడూ ఒకేసారి మార్చాలా?

క్యామ్, క్రాంక్ సెన్సర్ల విషయంలో అసలు నిస్సాన్ భాగమే వేయండి. చిప్పు తట్టుకునే వేడి, సిగ్నల్ లేచి పడే క్షణం, కొన నుంచి పళ్ల వరకు ఉండే సందు, ఈ మూడింటిలో ఏది కాస్త తేడా వచ్చినా కొత్త సెన్సరే కొత్త కోడ్‌కు కారణమవుతుంది. అసలు భాగం పెట్టెలో నకిలీ సరుకు కూడా ఆన్‌లైన్‌లో తిరుగుతున్నది కాబట్టి డీలర్ విభాగం నుంచి తీసుకోవడం మేలు.

ఇరవై ఏళ్లు నిండిన బండిలో ఒకటి నిజంగానే పోయిందని రుజువైతే, మిగతా రెండూ అదే వయసువి కాబట్టి మూడూ మార్చడం తప్పు కాదు. రుజువు కాకముందు మూడూ మార్చడం మాత్రం లోపాన్ని ఇంకా లోతుకు దాచడమే. వేసేటప్పుడు ఓ-రింగుకు కాస్త ఇంజన్ ఆయిల్ రాయండి, పగిలిన ఓ-రింగు ద్వారా కారిన ఆయిల్ కనెక్టర్‌లోకి చేరి మరో లోపం తెస్తుంది. బయటికి తీసిన పాత సెన్సర్ కొనను తెల్లటి గుడ్డ మీద తుడిచి చూడండి. అయస్కాంతానికి మెత్తటి ఇనుప నుసి అంటుకుని ఉంటే, ఇంజన్ లోపల ఏదో అరుగుతున్నదన్న హెచ్చరిక అది.

క్లచ్ మార్చిన తరువాత పీ0335 వచ్చింది. యాదృచ్ఛికమా?

కాకపోవచ్చు. క్రాంక్ సెన్సర్ చదివే సిగ్నల్ ప్లేటు ఉండేది ఇంజన్ వెనుక, ఫ్లైవీల్ దగ్గర. గేర్‌బాక్స్ దింపినప్పుడు ఆ పలుచటి ప్లేటు పన్ను వంగడం, తేలికపాటి ఫ్లైవీల్ వేసేటప్పుడు ప్లేటు సరైన స్థానంలో కూర్చోకపోవడం, సెన్సర్ వైరు పైపుకు ఆని కరగడం, ఇవన్నీ జరగగలవు. పని జరిగిన వారంలో కోడ్ వస్తే ముందు ఆ పని చేసిన చోటే చూడాలి.

పీ0011, పీ0021 కోడ్‌లు కూడా ఇదే కోవకు చెందినవా?

కొంతవరకు. ఈసీఎం కోరిన క్యామ్ కోణానికీ, వాస్తవంగా క్యామ్ ఉన్న కోణానికీ మధ్య తేడా మిగిలిపోతే ఈ కోడ్‌లు వస్తాయి. ఆ వాస్తవ కోణాన్ని లెక్కగట్టేది క్యామ్, క్రాంక్ సెన్సర్లతోనే కాబట్టి వాటి తప్పు ఇక్కడ కూడా కనిపిస్తుంది. అయితే క్యామ్ కోణాన్ని మార్చే వ్యవస్థ ఆయిల్ ప్రెషర్‌తో నడుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గినా, మురికి పట్టినా, టైమింగ్ చైను సాగినా ఇవే కోడ్‌లు వస్తాయి. ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. ముఖ్యంగా 2005, 2006ల్లో వచ్చిన 300 హార్స్‌పవర్ ఇంజన్లకు ఆయిల్ తాగే పేరుంది, వాటిని ప్రతి రెండోసారి పెట్రోలు పోయించుకున్నప్పుడు చూడటం మంచిది.

గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ కూడా పదే పదే పోతున్నది. ఎందుకు?

ఆయిల్ పూసిన స్పోర్ట్స్ ఎయిర్ ఫిల్టర్ వేసి ఉంటే, దాని నుంచి లేచిన ఆయిల్ తుంపర సెన్సర్ లోపలి వేడి తీగ మీద పేరుకుని లెక్క తప్పిస్తుంది. మాఫ్ కోసమే తయారైన క్లీనర్‌తో, తీగను తాకకుండా కడిగి, కాగితపు ఫిల్టర్‌తో నెల రోజులు నడిపి చూడండి. సెన్సర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య గొట్టంలో పగులుంటే ఎన్ని సెన్సర్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

కోడ్ చెరిపేసి ఉద్గారాల పరీక్షకు వెళ్లవచ్చా?

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి భద్రతా తనిఖీ ఎత్తేసినా, డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాలతో కూడిన 17 కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష కొనసాగుతున్నది. కోడ్ చెరిపినప్పుడు రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తన భాగాలను తానే పరీక్షించుకున్నట్టు ఉంచుకునే నమోదులు, కూడా చెరిగిపోతాయి. ఒకటి మించి అసంపూర్తిగా ఉంటే పరీక్ష యంత్రం బండిని తిప్పి పంపుతుంది. కొన్ని రోజులు ఊళ్లోనూ, హైవే మీదా మామూలుగా నడిపిన తరువాతే వెళ్లాలి.

మెకానిక్ ఈసీఎం మార్చాలంటున్నారు. నమ్మవచ్చా?

ఈసీఎం దగ్గరి పిన్ను నుంచి సెన్సర్ పిన్ను వరకు ప్రతి వైరునూ కొలిచి, సరైన సిగ్నల్ ఈసీఎం పిన్ను దాకా చేరుతున్నదని స్కోపులో చూపించమని మర్యాదగా అడగండి. అది చూపించగలిగితే ఆయన మాటకు ఆధారం ఉంది. ఈ కోడ్‌లకు ఈసీఎం కారణం కావడం చాలా అరుదు.

హైదరాబాద్‌లో మా అన్నయ్య దగ్గర 370జెడ్ ఉంది. ఇవే వర్తిస్తాయా?

నిస్సాన్ 2010లో భారతదేశంలో అమ్మకానికి తెచ్చిన 370జెడ్‌లో ఉన్నది 3.7 లీటర్ల వీక్యూ37వీహెచ్‌ఆర్ ఇంజన్. దానిలో వాల్వు ఎంత తెరుచుకోవాలో నిర్ణయించే వీవీఈఎల్ వ్యవస్థకు వేరే సెన్సర్లు, వేరే కంట్రోల్ మాడ్యూల్ ఉన్నాయి, మాఫ్ సెన్సర్లు రెండు. బ్యాటరీ, ఎర్త్, పిన్ను బిగువు, వైర్ల కట్టను కదిపి చూడటం మాత్రం అక్కడా ఇంతే. అసలు భాగం అక్కడికి చేరడానికి వారాలు పట్టే పరిస్థితిలో, ఆర్డర్ పెట్టే ముందు ఈ పరీక్షలు చేయడం ఇంకా ఎక్కువ అవసరం.

బాగుపడిందని ఎప్పుడు నిశ్చయించుకోవాలి?

లైటు ఆరినప్పుడు కాదు. బండిని పూర్తిగా వేడెక్కేలా అరగంట నడిపి, ఆపి, బానెట్ మూసే ఉంచి, 15 నుంచి 20 నిమిషాల తరువాత స్టార్ట్ చేయండి. ఇలా వేర్వేరు రోజుల్లో ఐదారుసార్లు, వీలైతే మధ్యాహ్నపు ఎండలో చేసి, ప్రతిసారీ పెండింగ్ కోడ్‌లు చూడండి. నా బండికి నేను ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, బయటి ఉష్ణోగ్రత, స్టార్ట్ కావడానికి పట్టిన సమయం రాసుకుంటూ వచ్చాను. ఆగస్టులో మొదలుపెట్టిన ఆ పుస్తకంలో మరుసటి ఆగస్టు దాకా ఒక్క కోడ్ కూడా రాయవలసిన అవసరం రాలేదు.